ముల్లు మీద నాణెం

ఆదివారం పొద్దున్నే లియేజ్ సంతకు పోయి
మ్యూజ్ నది ఒడ్డున, కోళ్ళ గంపలకీ సాక్సుల గుట్టకీ మధ్య
మోకాళ్ళ మీద కూర్చున్నాను.
అరటిపళ్ళ అట్టపెట్టెలో రికార్డులు.
అరవై తొమ్మిదేళ్ళ మోకాళ్ళు
ఇంకెవరి కోసమూ ఇలా వంగవు.

అకార్డియన్లు, క్రిస్మస్ పాటలు,
ఎవరో మరిచిపోయిన గాయకుడి పళ్ళన్నీ కనబడే నవ్వు.
వేళ్ళతో తిప్పుకుంటూ పోతుంటే
బొమ్మ లేని అట్ట ఒకటి. పెన్సిలు రాత:
"రేసు. వాన. రెండో వైపు బాగుంది."
రెండు యూరోలన్నాడు.
ఒకటిన్నరకి అడిగాను.
తల అడ్డంగా ఊపే శ్రమ కూడా పడలేదు. ఇచ్చేశాను.

మా ఇల్లు స్తావ్‌లో ఊరి పైన, వాలులో.
సర్క్యూట్ అడవికి అవతల.
గాలి ఇటు మళ్ళిన రోజు
కార్లు ముందు కిటికీలోంచి వస్తాయి,
తర్వాతే టీవీలోకి.
కిటికీ అరుస్తుంది, నేను కుర్చీ అంచుకి జరుగుతాను,
తెర మీద ఆ కారు ఇంకా మలుపే తిరగలేదు.
ఆ కాసేపూ
లోకమంతా ఎదురుచూసే కబురొకటి
నా ఎడమ చెవిలో ఉంటుంది.
కుడిది గని పనిలో పోయింది.

టికెట్టు కొనుక్కోవచ్చు కదా, అంటాడు తమ్ముడి కొడుకు.
కొన్నానొకసారి.
బురద, ఒక వీపు, ఆ వీపు మీద పసుపు రెయిన్‌కోటు.
ఎవరు గెలిచారో ఇంటికొచ్చి టీవీలో తెలుసుకున్నాను.

ఇవాళ ఎనిమిదో ల్యాపులో ఆకాశం చిరిగింది.
ఎర్రజెండా.
టార్పాలిన్లు కప్పుకొని కార్లన్నీ వరసగా నిలబడ్డాయి
ఆఖరి బస్సు తప్పినవాళ్ళలా.
వ్యాఖ్యాతకి సరుకైపోయి
టైర్ల సంగతి మళ్ళీ మొదటికి తెచ్చాడు.
గొంతు నొక్కేశాను.
కొత్త రికార్డు తీసి చొక్కా అంచుతో తుడిచాను
(బ్రష్షుంది, తొందరలో ఎవరికి గుర్తు).
నా ముల్లు తేలిక. దాని నెత్తిన
ఎప్పుడో చెల్లకుండా పోయిన ఫ్రాంకు నాణెం పెడతాను.
ఏ కొట్టువాడూ తీసుకోనిది
ఇక్కడ సరిగ్గా తూగుతుంది.

మొదట వాన.
వానో, గాడిలోని దుమ్మో, చెప్పలేను.
తర్వాత దూరంగా ఒక ఈల,
దగ్గరై, లావై, గదిని కోసుకుంటూ పోయింది.
ఎవరో దగ్గారు. కుక్క మొరిగింది.
ఒక పిల్ల అడిగింది: "ఎవరు నాన్నా అది?"
జవాబు మీదుగా ఇంకో కారు.

కింద నుంచి చీపురుకర్రతో మూడు దెబ్బలు.
ఆ వెనకే లియోకాదీ, శాలువా ఈడ్చుకుంటూ మెట్లెక్కి:
"మొదలైందా? నా టీవీలో ఇంకా గొడుగులే!"
కూర్చోమన్నాను. ముల్లు వెనక్కి పెట్టాను.
కుక్క దగ్గర వేలెత్తింది.
"మా బిజూ. రెండు పొట్టివి, ఒక పొడుగు.
వానొస్తేనే అలా మొరిగేది."
కుక్కలన్నీ అంతే కదా, అనబోయి
కాఫీ పోశాను.
మరి ఆ పిల్ల, అని అడిగాను.
"ఊళ్ళో పిల్లలందరూ నాకేం తెలుసు,"
మూడో చెంచా చక్కెర వేసుకుంది.

ఇంకోసారి వేస్తే ముల్లు గీతలో చిక్కింది.
ఎవరు నాన్నా, ఎవరు నాన్నా, ఎవరు నాన్నా.
తెర మీద ఇరవై కార్లు కదలడం లేదు,
ఇక్కడ ఒక్కటి ఆగడం లేదు.
ఎత్తబోతే లియోకాదీ నా మణికట్టు పట్టుకుంది.
రికార్డు వైపు వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు, గట్టిగా:
"తెలీదమ్మా! వానలో నంబరు కనబడలేదు!"

అప్పుడు కిటికీ ఉరిమింది.
ఇద్దరం తెర వైపు తిరిగాం.
అక్కడింకా
ఎవరో టార్పాలిన్ మీది నీళ్ళు
చీపురుతో తోస్తున్నారు.