తరుగు

మొదట నొప్పి కణతలో కాదు, దువ్వెనలో తగిలింది.
తల దువ్వుకుంటే వెంట్రుకలకే పుండు పడినట్టు.
ప్రొద్దుటూరు ఎండ, తెలిసిందే గదా, అనుకున్నా.
తర్వాత ఊదుగొట్టం.
యాభై ఏండ్లు నా నోట్లో ఒదిగిన ఇత్తడి గొట్టం
నాలుగు ఊపిర్లకే దవడను బండరాయి చేసింది.
ఆపితే పోయేది. ఊదితే వచ్చేది.
గుప్పెడు చెనిక్కాయలు నమల్లేక సగంలో ఆపితే
అంగట్లో పిల్లోళ్ళు నవ్వినారు. నేనూ నవ్వినా.

పళ్ళ డాక్టరు ఒక పన్ను పీకినాడు.
అద్దాల డాక్టరు నెంబరు మార్చినాడు.
గోవిందమ్మ ఆముదం కాచి నెత్తికి అంటింది.
కణత మీద ఒక నరం తాడులా గట్టిపడిందని
ఆమె వేలికే ముందు తెలిసింది.

ఆదివారం పొద్దున
ఎడమ కంటికి పైనుంచి ఎవరో షట్టరు దించినారు.
పది నిమిషాలకు ఎత్తినారు.
మంగళవారం మళ్ళీ దించినారు. ఇంక ఎత్తలా.

కడప పెద్దాసుపత్రిలో షంషాద్ డాక్టరమ్మ
నా కణత మీద రెండు వేళ్ళు ఆనించి
కాసేపు ఏమీ మాట్లాడలా.
రాయి మీద గీత చూసేటప్పుడు నేనూ అంతే.
"నరం ముక్క తీసి పరీక్షకు పంపుతా.
మందు మాత్రం ఈ గంటే ఎక్కిస్తా."
నాకు నచ్చలా.
గీటురాయి మీద గీయకుండా ధర చెప్పేవాడు
మా బజార్లో దొంగన్నా కావాల, పిచ్చోడన్నా కావాల.
ఆమె అనింది: "ఆచారిగారూ, మీ రాయి వారానికి చెప్తాది.
కుడికన్ను వారం ఆగదు."

మూడు రోజులు సూదిమందు. ఆపైన అరవై మిల్లీగ్రాముల బిళ్ళలు.
రెండో పొద్దుకే తలనొప్పి
అప్పులోడు ఊరు విడిచినట్టు చెప్పకుండా పోయింది.
పోయిన కన్ను మాత్రం, పోయిందే.

అరవై. యాభై. నలభై.
రాత్రి మూడింటికి మెలకువ, ఒళ్ళంతా హుషారు,
చీకట్లో కూచొని ఆకురాళ్ళు తుడిచేవాణ్ణి.
అద్దంలో ఎవరో బుగ్గలు పొంగిన వడ్డీవ్యాపారి.
చక్కెర మూడొందలు.
"కొంచెం కొంచెంగా తరిగించాల. నేను చెప్పినంతే."
తరుగు!
బతుకంతా నా వీపు వెనక జనం అన్న మాట.
సవరకు గురిగింజెత్తు, అదీ చెప్పే తీసుకున్నా.
ఒకటి రెండుసార్లు చెప్పకుండానూ.

శ్రావణమాసం. పెండ్లి పనులు. ఆ మొగం చూసుకోలేక
పదిహేను మీద ఉండంగా
నా అంతట నేనే ఐదుకు దించేసినా.
పన్నెండో రోజు దువ్వెన మళ్ళీ కరిచింది.
డాక్టరమ్మ తిట్టలా. తిరిగి నలభై రాసి,
"ఎవరి సొమ్మనుకొని తీసినారు?" అనింది.

ఇది రెండో ఏడు.
బంగారం తూచే నా త్రాసులోనే
గోవిందమ్మ ఐదు బిళ్ళను బ్లేడుతో రెండు చేసి
ముల్లు నిలబడేదాకా పొడి గీకుతాది.

ఒంటికన్నుకు లోతు తెలీదు.
టంకం ఒక తావున, మంట ఒక తావున.
పని నేర్చుకునే మస్తాను
చిటికెన వేలితో నా మణికట్టును రవ్వంత జరిపి
"ఈడ, తాతా" అంటాడు.

ఊదుతా.
దవడ నొయ్యదు.