తెల్లరంగు లేని ప్రింటర్

నారిన్ బజారులో, గొర్రెతోళ్ల కొట్టు పక్కన
నాకున్నవి ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక కెటిల్.
పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లి పిలుపులు,
పోయినవాళ్ల వెనక సోఫా చెరిపి ఆకాశం పెట్టడం.
బతుకు గడుస్తోంది.

నవంబరులో తాబిల్దీ వచ్చాడు.
కోటు లోపల్నుంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు.
అత్-బాషి తేనె. మీగడంత తెలుపు,
చెంచా గుచ్చితే నిలబడేంత చిక్కన.
"చక్కెర కలిపానంటున్నారు బిష్కెక్‌లో.
కాదని చెప్పే లేబుల్ చెయ్యి, బురుల్."

బెత్తెడు కాగితం మీద.

కొండ ఉండాలన్నాడు. గుర్రం ఉండాలి.
ఎస్పార్సెట్ పూలు, యుర్తా, తేనెటీగ, పొగడబ్బా,
తెల్ల కల్పాక్ పెట్టుకుని తను,
కాస్త ఆగి, గోడకేసి చూస్తూ,
మనవరాలు ఐజిర్గల్.

అన్నీ పెట్టాను, పొర మీద పొర.
ఈగ ఒక్కదానికే గంటన్నర.
రెక్క ఎక్కడ ఆగి గాలి ఎక్కడ మొదలవుతుందో
పన్నెండు వందల శాతం పెద్దది చేసినా తేలలేదు,
అన్నీ బూడిదరంగు చదరాలే.
కళ్లజోడు తీసి, అందాజుగా కోసేశాను.

తర్వాత ఒక్కో పొరకీ కన్ను మూస్తూ వచ్చాను.
చెరపలేదు. కన్ను మాత్రమే మూశాను.
ముందు గుర్రం, ఆ తర్వాత యుర్తా, తాబిల్దీ టోపీ, టోపీ కింద తాబిల్దీ.
ఐజిర్గల్ దగ్గర చెయ్యాడలేదు.
ముందుపళ్లు రెండు ఊడి, నోరారా నవ్వుతోంది.
టీ పెట్టుకుని వచ్చి, ఆ కన్నూ మూశాను.

పూలనీ నిలుపుకోలేకపోయాను.
తెర మీది గులాబీ వెలుతురు బిడ్డ,
కాగితం మీది గులాబీ సిరా బిడ్డ,
వాటికి వియ్యం కుదరలేదు;
అచ్చులో పూలు ఎండుమాంసం రంగుకి దిగాయి.

మిగిలింది ముదురు నీలం. మూలన ఈగ.
మధ్యలో తెల్లని అక్షరాలు: అక్ బాల్.
నీలాన్ని అంచు దాటించి మూడు మిల్లీమీటర్లు పరిచాను.
అది కత్తెర వాటా;
చేలో పిట్టలకి వదిలినట్టు వదలాలి,
లేకపోతే అది లోపలిది కొరుకుతుంది.

ఇంతలో దోలోన్ కనుమ మూతపడింది.
స్టిక్కరు కాగితం మంచుకి అవతల, లారీలో.
తాబిల్దీకి సంత తెల్లారే.
అరలో ఎప్పటిదో పారదర్శక ఫిల్ము కట్ట ఉంటే
దుమ్ము తుడిచి, దాని మీదే వేశాను.

మొదటి షీటు బయటికొచ్చింది. నీలం ఉంది. ఈగ ఉంది.
పేరు లేదు.

పదకొండేళ్లుగా ఈ పనిలో ఉండి మర్చిపోయాను,
నా ప్రింటర్లో తెల్లసిరా లేదు.
ఇన్నాళ్లూ నేను తెలుపు అనుకున్నదంతా
కాగితం మౌనంగా ఇచ్చిన అప్పు.
ఇప్పుడు కాగితం లేదు.
అక్షరాలున్న చోట అక్షరాల ఆకారంలో కిటికీలు,
వాటిలోంచి నా బల్ల, నా టీ మరక.

తాబిల్దీ అప్పటికే గుమ్మంలో బూట్ల మంచు దులుపుతున్నాడు.
ఏం చెప్పాలో తోచక, ఒకటి ఊడదీసి
సీసాకి అంటించాను.

లోపల్నుంచి తేనె వచ్చి
అక్షరాల్లో నిలబడింది.

అతను సీసాని దీపం దగ్గర తిప్పి తిప్పి చూశాడు.
"ఈ తెల్లరంగుకి ఎంత తీసుకుంటావు?"
"అది నీదే," అన్నాను.
నమ్మలేదు. ఇంకో సీసా ఇచ్చి వెళ్లాడు.

అది కీబోర్డు పక్కనే ఉంది.
రోజుకో చెంచా, టీలోకి.
ఇప్పుడు మార్చి. మట్టం సగానికి దిగింది.
అక్షరాల పై సగాల్లోంచి కిటికీ, వీధి,
గొర్రెతోళ్లు మోసుకెళ్లే కుర్రాడి చెవి కనిపిస్తున్నాయి.
కింది సగాలు ఇంకా తెల్లగా.

నిన్న బిష్కెక్ నుంచి ఎవరో ఫోను చేశారు,
మీ లేబుల్ మీద పేరు చెరిగిపోతోందండీ, అని.
అవును, అన్నాను. బాగుందా తేనె?