పద్నాలుగో బకెట్

స్టోక్-ఆన్-ట్రెంట్‌లో, కాలువ పక్కన మా రేకుల షెడ్డు.
సోమవారం బకెట్లు వస్తాయి,
ఎవరెవరి తడో మూత పెట్టుకుని.

"ఏ డ్రయ్యరు కొనాలి?" అనే అడుగుతారు అందరూ.
మాల్కమ్ టన్నిక్లిఫ్ జవాబు చెప్పడు.
మూత తీసి, గుప్పెడు పిసికి,
వేళ్ళ సందుల్లోంచి ఏం కారుతుందో చూస్తాడు.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అతని తొలి మీటరు ఆ అరచెయ్యే.

పాలు మాట వింటాయి.
ఎత్తయిన గదిలో పైనుంచి తుంపరగా వదిలితే
నేల తాకేలోపే పొడి.
ఇసుకకు పట్టింపుల్లేవు:
తిరిగే పీపాలో దొర్లించు, మంట చూపించు,
ఏమీ అనుకోదు.
స్ట్రాబెర్రీని మాత్రం ముందు గడ్డకట్టించి
గాలి లేని పెట్టెలో బుజ్జగించాలి.
మంచు నీరవకుండానే ఆవిరై లేచిపోతుంది,
గుమ్మం దగ్గర ఆగకుండా.

మట్టి దగ్గరే నేను దెబ్బ తిన్నాను.
చేరిన కొత్త. శుక్రవారం. ఇంటికెళ్ళే తొందర.
టైల్స్ ట్రేలు సొరంగంలోకి తోసి
సెగ రెండింతలు చేశాను.
పైపొర బిగిసింది. లోపలి నీళ్ళకు దారి మూసుకుంది.
నూట ఇరవై పలకలు
జొన్నరొట్టె అంచుల్లా బీటలు.
మాల్కమ్ తిట్టలేదు,
ఒక ముక్క నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.
ఇప్పటికీ దానిమీదే నా టీ కప్పు.

ఆ సాయంత్రమే అతనికి చెప్పాను
మా అమ్మమ్మ మామిడి తాండ్ర సంగతి:
ఒక పొరకు ఒక ఎండ,
ఆరకుండా రెండోది పోస్తే బూజు.
"ఆవిడకి ఉద్యోగం ఇద్దామా?" అన్నాడు.

ఈ వారం పద్నాలుగో బకెట్‌కి చీటీ ఊడిపోయింది.
బూడిదరంగు ముద్ద.
పిండితే సగం నీళ్ళు ఇట్టే వచ్చాయి,
తక్కిన సగం చచ్చినా రాలేదు.
రెండు రోజులు తూకం, గడియారం, మళ్ళీ తూకం.
గ్రాఫు గీత మొదట తిన్నగా దిగి
తర్వాత మొండికేసింది.
పైనున్న నీరు చుట్టం, లోపలిది ఇంటిమనిషి;
ఇంటిమనిషిని మెడపట్టి గెంటలేం కదా.
బెల్టు మీద, సన్న సెగ, ఆరు గంటలు అని రాశాం.

గురువారం చిప్స్ ఫ్యాక్టరీ నుంచి ఫోను.
"మా బంగాళాదుంప తొక్కలు అందాయా?
పశువుల దాణాకే. చవగ్గా, గబగబా కానిచ్చెయ్యండి."
మాల్కమ్ రిసీవరు చేత్తో మూసి
నావైపు చూశాడు.
బయట వాన. కాలువ తన మానాన తాను నిండుతోంది.

ఆరు గంటలే, అని చెప్పమన్నాను.