నిన్నటి మాట

జ్ఞానాపురంలో మా గుడి గేటు పక్కన
ఒక నల్లబల్ల.
ఆరేళ్లుగా, తెల్లారి ఐదింటికి,
దాని మీద రోజుకో మాట రాస్తాను.
పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయా పని చేసినదాన్ని,
నా అక్షరాలు వార్డులో మంచాల్లాగే ఉంటాయి,
వరసగా, ఒక కాలు కొంచెం కుంటుతూ.

ఇవాళ మాట రాలేదు.

గాలిలో ఉప్పు. సుద్దముక్క మెత్తబడింది.
రేవులో మూడో నంబరు ఎగరేశారని
పాలబ్బాయి చెప్పి వెళ్లాడు.
మోకరిద్దామని చూశాను,
ఎడమ మోకాలు ఒప్పుకోలేదు.
కుర్చీలోనే కూర్చుని ప్రభువా అన్నాను.
ఆ తర్వాత ఏమనాలో తెలియక
చాలాసేపు ఫ్యాను చప్పుడు విన్నాను.
ఇది ఇవాళ్టి సంగతి కాదు.
అక్క దీనమణి పోయిన దగ్గర్నుంచీ
నా ప్రార్థన వేసవి కుళాయి:
బుస్సుమని గాలి, నీళ్లు లేవు.
కింద బిందె మాత్రం తీయలేదు.
అంతే నా భక్తి.
ఎవరైనా అడిగితే అంతే చెబుతాను.

తడిగుడ్డతో బల్ల తుడవబోతుంటే
పైడిరాజు ఆటో ఆగింది.
అతను మా గుడికి రాడు,
అద్దం మీద పైడితల్లమ్మ బొమ్మ,
అయినా బల్ల చదవకుండా బండి కదపడు.
"ఏటి మామ్మా, ఇయ్యేల ఏటీ రాయనేదా?"
"రాలేదు నాయనా."
"అయితే నిన్నటిది సెరిపీకు.
నానింకా నిన్నటిది సెయ్యనేదు."

నిన్న రాసింది ఇదీ:
నీ కుండలో ఒక గరిటె పక్కింటిది.

నిలవ రొట్టెకి పురుగు పడుతుందని
చిన్నప్పటి నుంచీ విన్నాను.
మాటకి ఆ భయం లేదేమో.
చేసేదాకా అది నిన్నటిది కాదేమో.
గుడ్డ పిండి తీగ మీద ఆరేశాను.

వీధి మలుపులో నూకాలు,
చేపల తట్ట ముందు పెట్టుకుని
ఎత్తేవాళ్ల కోసం దారి చూస్తోంది.
ఒక పక్క నేను పట్టాను.
చల్లటి నీళ్లు మోచేతి దాకా కారాయి.
ఎత్తేటప్పుడు మోకాలు గుర్తు రాలేదు.
ఆమె కేకేసుకుంటూ సందు దాటాక
గుర్తొచ్చింది, బాగా.

పెద్దాసుపత్రి దగ్గర
పాడేరు నుంచి వచ్చిన కుర్రాడొకడు
తల్లిని గోడకు ఆనించి
చీటీ ఏ కిటికీలో ఇస్తారో తెలియక
నాలుగు వరసల్లోనూ నిలబడి వచ్చాడు.
వాడి చెప్పులు రెండూ రెండు రంగులు.
వరసలోకి నేను వెళ్లాను,
వాడు తల్లికి అట్టముక్కతో విసిరాడు.
గంటన్నర పట్టింది.
నా ఫ్లాస్కులో గంజి, మధ్యాహ్నానికని తెచ్చుకున్నది.
ఒక్క గరిటే అనుకున్నాను,
ఆవిడ మూతతో పోయించుకుని
అడుగుదాకా తాగేసింది.
పక్కిల్లు ఎంత పెద్దదో
నిన్న రాసేటప్పుడు లెక్క వేసుకోలేదు.

సేవ అనే మాటని ఎప్పుడైనా
నేను పెద్ద అక్షరాలతో రాసి ఉంటే
క్షమించండి.
అది చాలావరకు
మరొకరి వరసలో కాసేపు నిలబడటం.
కాళ్లు నొప్పెడతాయి. మనసుకి ఏ వెలుగూ తగలదు.
పక్కన ఎవరో చీటీ నంబరు అడుగుతారు,
చెబుతాం.

సాయంత్రం వాన.
బల్ల మీద కుండ కరిగి కారిపోయింది,
గరిటె మిగిలింది.
దాని కిందే ఆటో ఆపుకుని పైడిరాజు
ఎవరితోనో సగం దోసె పంచుకుంటున్నాడు.
నన్ను చూడలేదు. నేనూ పిలవలేదు.

రాత్రి, ప్రభువా,
సబ్బుతో రెండుసార్లు కడిగినా
చేతులకి చేప వాసన పోలేదు.
నీ మొదటి స్నేహితుల దగ్గరా
ఇదే వాసన వచ్చి ఉంటుంది,
నువ్వు ముఖం తిప్పుకున్నావని ఎవరూ చెప్పలేదు.
కుళాయిలో ఇంకా గాలే.
బిందె అక్కడే ఉంది.
సుద్దముక్కకి తేమ తగలకుండా
బియ్యం డబ్బాలో పెట్టాను.