ఒంటాకు

దోర్నాల చెక్‌పోస్టు కాడ బస్సెక్కేవాడు
ఫారెస్టు వాచరు మంతన్న.
నా సర్వీసు ఆఖరి ట్రిప్పులో
మోదుగాకులో చుట్టిన గడ్డ ఒకటి గేరు పక్కన పెట్టాడు.
వేలెడంత. మట్టి ఇంకా చల్లగానే ఉంది.
పేరడిగితే నవ్వాడు.
"మూడాకులొస్తాయి, మధ్యలో తెల్లపువ్వు.
పేరు పెట్టి పిలిస్తే పలికే రకం కాదులే."

కనిగిరిలో మా పెరడంటే సుద్దనేల.
నీళ్లంటే బోరు.
మా వీధి పిల్లల పళ్ల మీద గోధుమచారలు గీసిన బోరు.
ఆ నీళ్లు దీనికెట్టా పోసేది?
డాబా మీది వాన డ్రమ్ముకు పట్టాను.
డ్రమ్ము అడుగంటితే
ట్యాంకరు నీళ్లలో నా స్నానం తగ్గించాను.
సుబ్బరత్తమ్మ ఏమీ అనలేదు,
బిందె దించే చప్పుడు మాత్రం పెంచింది.

ఆ ఏడు మూడాకులొచ్చాయి. పువ్వూ వచ్చింది, ఒక్కటి.
కాయ పగిలింది. ఆకులు పండి వాలిపోయాయి.
నిద్రపోతుందని తెలుసు,
అయినా చెయ్యి ఊరుకోలేదు,
ఎండాకాలమంతా నిద్రలోనే నీళ్లు తాపాను.
తొలకరికి తవ్వి చూస్తే
నానిన బీడీముక్క.

మళ్లీ దోర్నాల పోయాను, ఈసారి టిక్కెట్టు కొని, కిటికీ పక్కన.
బ్రేకు కోసం కాలు ఊరికే వెతుక్కుంటా ఉంది.
అంతా విని మంతన్న అడిగిందొకటే:
"మీ ఇంట్లో చీమలున్నాయా?"

ఉండకేం. మా ఆవిడ వాటికి మందుసుద్దతో
గడపగడపకీ గీత గీస్తుంది.

"ఆపమను. గింజకి తియ్యటి తోక ఉంటది.
దానికోసం మోసకపోతాయి. యాడ నాటాలో
నీకంటే వాటికే ఎరిక."

గీత ఆగింది. చక్కెర డబ్బా నీళ్ల పళ్లెంలో కూర్చుంది.
రాలిన వేపాకు ఊడవనియ్యలేదు.
ఇల్లా, చెత్తకుండీనా అని పక్కింటి మస్తానమ్మ.
రెండు వేసవులు.
రెండోది మరీ, కొళాయి ముట్టుకుంటే చెయ్యి కాలింది.

మొన్న ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులకి
నేను మట్టి కలిపిన కుండీలో కాదు,
నీడకని కట్టిన పందిరి కింద కాదు,
బట్టలుతికే బండ పగుల్లో,
సబ్బునీళ్లు పారే చోట
ఒంటాకు.

"మూడు రావాలి కదా," అన్నాను.
"వచ్చే ఏడో పైఏడో. పువ్వుకింకా ఐదారేళ్లంట,"
అంది సుబ్బరత్తమ్మ.
నాకు తెలీకుండా మంతన్నకి ఫోను చేసినట్టుంది.
"నీకేం తొందర, డ్యూటీ ఉందా?"

ఆ పూట బట్టలు
మస్తానమ్మ బండ మీద ఉతికింది.