తడి ఆరేలోపు

రైలుకి ఇంకా మూడు గంటలుంది.
విశాఖంటే బీచొక్కటేనా అనుకుని
పాత పోస్టాఫీసు దగ్గర ఆటో దిగాను.
చెప్పులు ఎక్కడ విడవాలో తెలీక
కతీడ్రల్ గుమ్మంలో కాసేపు తచ్చాడాను.
"ఏసుకునే వచ్చీండమ్మా, పర్లేదు"
లోపల్నుంచి ఓ గొంతు.
విప్పేశాను. అలవాటు.

చూసిపోదామని వచ్చినదాన్ని.
రంగుటద్దాల్ని ఫోన్‌లో పట్టబోతే
ఎండ మాత్రమే పడింది.
బల్ల మీద వేలు రాస్తే పోర్టు మసి.
హార్బరులో ఎక్కడో ఓడ కూత వేస్తే
పైకప్పు దాన్ని కొంచెంసేపు
తనలో ఉంచుకుని వదిలింది.

"కాలు తీయండమ్మా"
బకెట్టుతో పిలోమినమ్మ.
తీశాను.
అప్పటిదాకా ఎవరి మీదో నిలబడున్నానని తెలీదు.

పొడి రాయి మీద ఏమీ లేదు.
ఆమె గుడ్డ పిండగానే
అరిగిన గాట్లలో నీళ్లు నిలిచి
ఇంగ్లీషు అక్షరాలు నల్లగా పైకి తేలాయి.

"ఇరవై రెండేళ్ల నుంచి తుడుస్తన్నాను,
ఏటి రాసుందమ్మా?"

వంగి చదివాను.
పేరుండాల్సిన చోట నున్నగా ఉంది,
ఎన్ని మడమలు ఎత్తుకుపోయాయో.
ఊరు లేదు. సంవత్సరంలో రెండంకెలు.
చివర మాత్రం లోతుగా,
వయసు పదకొండు నెలలు.

ఆమె ఏమీ అనలేదు.
గుడ్డ మళ్లీ ముంచి
ఈసారి నెమ్మదిగా, మూల మూలా,
చెవుల వెనక తుడిచినట్టు తుడిచింది.
"గుంటా, గుంటడా?"

మళ్లీ వంగాను.
ఫ్యాను గాలికి ఒక పక్కనుంచి
రాయి ఆరిపోతోంది.