తీపి ఆఖర్న

బకోలోద్‌లో పొద్దు గూకితే
రేవుగాలి మా పొగను చెయ్యిపట్టుకుని
బస్టాండు దాకా ఈడ్చుకుపోతుంది.
మా కొట్టుకి వేరే బోర్డు లేదు.

కొబ్బరిచిప్పల బొగ్గు మీద
వెదురుపుల్లలకి గుచ్చిన కోడికాళ్లు పద్దెనిమిది,
రెక్కలు పన్నెండు,
కార్జాలు ఎన్ని దొరికితే అన్ని.
పొద్దుట్నుంచీ కల్లు వెనిగర్లో, కలమన్సీ రసంలో
అల్లం వెల్లుల్లితో నానిన మాంసం
సెగ తగలగానే చెమట పడుతుంది.
అప్పుడు జాఫ్రా నూనె. ఇనసాల్‌కి రంగు అదే.
నా కుంచె నిమ్మగడ్డి కాడ,
మొదలు రోకలితో దంచి పీచు చేసింది.
రాత్రికి రెండు అరుగుతాయి.

"పులుపు ముందు, తీపి ఆఖర్న," అనేది
మా అమ్మ ఫెలిసింగ్.
"ముందే పూశావా, మాడి చేదెక్కుతుంది.
తీపికి ఓర్పు తక్కువ."
పద్నాలుగో ఏట చెరుకు నరకడానికి దిగిన మనిషి.
ఆకు కోసిన గీతలు మోచేతుల మీద
చివరిదాకా తెల్లగా ఉండేవి,
ఎవరో సుద్దముక్కతో లెక్క రాసి
చెరపడం మరిచిపోయినట్టు.

నరుకుడు లేని నెలల్ని మా దీవిలో
చచ్చిన కాలం అంటారు.
చుట్టూ చెరుకు. గంజిలో ఉప్పు.

ఈ రాత్రి
మనవడి భుజం పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు.
ఇస్త్రీ నలగని చొక్కా. ఆనని చూపు.
కూర్చుంటూ బల్ల అంచుకి
ఎడమ బొటనవేలు ఆనించాడు.

గోరు రెండుగా చీలిన ఆ వేలిని నేనెరుగుదును.
త్రాసుకి అమ్మ మోపు వేలాడుతుంటే
అడుగున ఆని కొంచెం పైకెత్తేది.
కొంచెమే.
రోజుకి ఒక గ్లాసు బియ్యమంత.
నేను ఏడేళ్లదాన్ని, త్రాసు నీడలో కూర్చుని
అంతా కిందనుంచి చూసేదాన్ని.

నోంగ్ అనస్తాసియో.
నన్ను గుర్తుపట్టలేదు.
"పిల్లాడికో కాలు, నాకో కాలు.
నాదానికి తీపి పూయకమ్మా,
నాకు షుగరు. ఇరవయ్యేళ్లుగా."

నవ్వొచ్చింది.
పొగలో నవ్వితే దగ్గొస్తుందని ఊరుకున్నాను.

రెండు కాళ్లూ పక్కపక్కనే పెట్టి విసిరాను.
ఒక ఆలోచన వచ్చింది, దాచను.
ఈ గుడ్డి వెలుగులో ఆయనకేం తెలుస్తుంది,
ఒక్క కుంచెడు బెల్లంపాకం,
ఆ వేలు పైకెత్తినంత.

కుంచె ముంచాను.
చుక్క జారి నిప్పులో బుస్సుమంది.
ఆ వాసనకి ఆయన తల తిప్పాడు,
చంటిది పాలవాసనకి తిప్పినట్టు.

పిల్లాడి కాలికి మూడు పూతలు పూశాను.
ఆయనదానికి ఒట్టి పులుపూ ఉప్పూ నూనే.

ఎముక తెల్లబడే దాకా తిన్నాడు.
"పుల్లగా బావుంది," అన్నాడు.
తర్వాత మనవడి చెయ్యి తుడుస్తానని తీసుకుని
ఎవరూ చూడ్డం లేదనుకుని
జిగట జిగటగా ఉన్న ఆ చిటికెనవేలు
నోట్లో పెట్టుకున్నాడు.
పిల్లాడు చక్కిలిగింతలకి మెలికలు తిరిగాడు.
నేను బొగ్గు కెలకడానికి వంగాను.

మూడువందల నలభై అయింది.
ఐదొందలిచ్చి "ఉంచుకో" అన్నాడు.
నూట అరవై ఆయన అరచేతిలో
ఒక్కో నోటూ ఒక్కో బిళ్లా పైకి లెక్కపెట్టాను.
"తక్కువ లేదు నోంగ్, ఎక్కువా లేదు."

ఆయన చెయ్యి మూయలేదు.
"మీది ఏ తోటమ్మా?"
చెప్పాను.
అమ్మ పేరు కూడా చెప్పాను.

వేలు బిళ్లల మీద అటూ ఇటూ కదిలింది.
చాలాసేపటికి,
"వానొచ్చేలా ఉంది," అన్నాడు.

"అలాగే ఉంది," అన్నాను.

వాళ్లు రోడ్డు దాటేదాకా
రెక్కలు తిప్పుతూనే ఉన్నాను, ఇంకా నాలుగున్నాయి.
మూత పెడదామని చూస్తే
పాకం గిన్నె అంచున
అప్పటికే చీమలు.